నచ్చిందంటే... ఎక్కడ నచ్చింది?

"పాట ఎలా ఉంది?" అని అడిగితే మనందరి దగ్గరా రెడీగా ఉండే జవాబులు నాలుగైదే. సూపర్. కేక. అదిరింది. పర్లేదు. సోది. వీటిలో ఏది చెప్పినా ఎదుటివాళ్లకు తెలిసేది మన మూడ్ ఎలా ఉందో తప్ప పాట ఎలా ఉందో కాదు. ఆ జవాబు చెప్పిన మనిషే రేపు ఆఫీసులో కొత్త డిజైన్ మీద అభిప్రాయం అడిగితే "బాగానే ఉంది సార్" అంటాడు. పెళ్లిచూపులకు వెళ్లొచ్చాక ఇంట్లో అడిగితే "ఏమో అమ్మా, ఓకే" అని ఫోన్‌లోకి తల దూరుస్తాడు. తనకేం నచ్చిందో చెప్పలేని మనిషి తరఫున నిర్ణయాలు వేరేవాళ్లు తీసుకుంటారు. ఇదివరకు ఆ పని ఇంట్లో పెద్దవాళ్లూ స్నేహితులూ చేసేవాళ్లు. ఇప్పుడు వాళ్లకు తోడు ఫోన్‌లో ఆల్గారిథమ్ కూడా చేరింది.

ఈ అధ్యాయంలో చెప్పబోయే కసరత్తుకు పైసా ఖర్చు లేదు. ఏడాది ముగిసేనాటికి, ఆ ఏడాది వచ్చిన పాటల్లో మీకు బాగా నచ్చిన పదింటిని ఎంచుకుని, ఒక్కో పాటకు ఒక్కో వాక్యం రాయాలి. ఐదు జపాన్ పాటలు, ఐదు అమెరికా పాటలు. షరతు ఒక్కటే. ఆ వాక్యం "ఎక్కడ?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. పాటలో ఎన్నో సెకను దగ్గర, ఏ వాయిద్యం దగ్గర, గొంతు ఏ మలుపు తిరిగినప్పుడు మీ చెవి నిక్కబొడుచుకుంది? నచ్చింది అన్న మాటకు ఒక చిరునామా ఉండాలి. సూపర్, కేక లాంటి మాటలు ఆ వాక్యంలో వాడకూడదు.

తెలుగు పాటలతోనే చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు గానీ కష్టం. తెలుగు పాట మన దగ్గరికి ఒంటరిగా రాదు. వెంట హీరో వస్తాడు, ఆ హీరో ఫ్యాన్స్ వస్తారు, సినిమా హిట్టా ఫట్టా అన్న గొడవ వస్తుంది, రాసిందెవరు అన్నది వస్తుంది, ఆ సినిమా ఏ హాల్లో ఎవరితో చూశామో అది కూడా వస్తుంది. చెవి నోరు తెరిచేలోపే వీళ్లంతా తీర్పు చెప్పేసి ఉంటారు. అమెరికా పాటలో మాటలు సగం అర్థమవుతాయి, సగం జారిపోతాయి. జపాన్ పాటలో అసలేమీ అర్థం కాదు. అక్కడ మనకు సిఫారసు చేసేవాడు లేడు, చెవి ఒక్కటే దిక్కు. పైగా రికార్డుల వ్యాపారంలో ప్రపంచంలో మొదటి స్థానం అమెరికాది, రెండో స్థానం జపాన్‌ది. సరుకుకు కొరత ఉండదు.

భాష రాకుండా ఏం వింటాం అని సందేహించేవాళ్లకు ఒక సంగతి. 2022 అక్టోబరులో 'ఆర్ఆర్ఆర్' జపాన్‌లో విడుదలై, అక్కడ అంతవరకు ఏ భారతీయ సినిమాకూ రానన్ని వసూళ్లు తెచ్చుకుంది. 2024 జనవరిలో తకరజుకా అనే పేరున్న నాటక బృందం దాన్ని సంగీత నాటకంగా ఆడింది. ఆ బృందంలో అందరూ ఆడవాళ్లే, భీమ్ వేషం వేసినావిడతో సహా. అక్కడ హాల్లో కూర్చున్నవాళ్లలో తెలుగు వచ్చినవాళ్లు ఎందరుంటారు? 'నాటు నాటు' ఊపు వాళ్ల కాళ్లకు చేరడానికి మన అక్షరమాల అడ్డం రాలేదు. వాళ్ల పాట మనకు చేరడానికీ అంతే.

ఉదాహరణకు 2024లో నేను వేసుకున్న జాబితానే తీసుకుంటాను. ఆ ఏడాది రెండు దేశాల సంగీతం ఒకదాంట్లో ఒకటి బాగా కలిసిపోయింది కాబట్టి నేర్చుకోవడానికి అనువుగా ఉంటుంది.

జనవరి 7న వచ్చిన క్రీపీ నట్స్ పాట 'బ్లింగ్-బ్యాంగ్-బ్యాంగ్-బోర్న్'తో మొదలుపెడదాం. క్రీపీ నట్స్ అంటే ఇద్దరే ఇద్దరు. ర్యాప్ చేసే ఆర్-షితేయిది ఒసాకా ప్రాంతం. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఆశువుగా ప్రాసలు కట్టి ఒకర్నొకరు చిత్తు చేసుకునే ర్యాప్ పోటీలుంటాయి అక్కడ. వాటిలో 2012 నుంచి వరసగా మూడేళ్లు దేశం మొత్తానికి ఛాంపియన్ అతను. (మన అవధానులు చూస్తే ముచ్చటపడతారు.) ట్రాక్ కట్టే డీజే మత్సునాగాది నీగాటా. 2019లో లండన్‌లో జరిగిన డీఎంసీ ప్రపంచ డీజే పోటీ గెలిచాడు. పాట 'మాష్‌లె' అనే యానిమే (జపాన్ యానిమేషన్ సీరియల్) రెండో సీజన్‌కు టైటిల్ సాంగ్. బిల్‌బోర్డ్ జపాన్ చార్టులో వరసగా 19 వారాలు పైనే కూర్చుంది. ఏడాది మొత్తం లెక్కలోనూ అదే ఫస్ట్.

ఇంతవరకు నేను చెప్పిందంతా ఎవరైనా వెతికితే దొరికే సమాచారం. ఇది మీ నోట్‌బుక్‌లో రాసుకుంటే మీ ఇష్టం గురించి ఒక్క ముక్క కూడా రాసినట్టు కాదు. జనరల్ నాలెడ్జి రాసినట్టు.

ఎక్కడ? నా నోట్‌బుక్‌లో ఉన్న జవాబు: కిక్ డ్రమ్ దగ్గర. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మాటలన్నీ వదిలేసి, అడుగున పడే ఆ బరువైన దెబ్బను ఒక్కదాన్నే పట్టుకోండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకుంటూ వేలితో టేబుల్ మీద కొట్టండి. మొదటి మూడు లెక్కల మీదా దెబ్బ సరిగ్గా పడుతుంది. నాలుగో లెక్కకు మీ వేలు దిగేసరికి అక్కడ దెబ్బ ఉండదు. దానికి రవ్వంత ముందే ఒకటి పడిపోయి ఉంటుంది, కాస్త ఆగి ఇంకొకటి పడుతుంది. లెక్కకు నాలుగు, దెబ్బలు ఐదు. కూర్చున్నవాడి భుజం తనంతట తాను కదిలేది ఆ ఖాళీ దగ్గరే. ఈ దరువును జెర్సీ క్లబ్ అంటారు. న్యూజెర్సీలోని న్యూఆర్క్ నగరంలో, ఆఫ్రికన్ అమెరికన్ కుర్రాళ్ల డాన్స్ పార్టీల్లో పుట్టింది. ఎడిసన్‌లో ఉండే మనవాళ్లకు న్యూఆర్క్ అంటే ఎయిర్‌పోర్టే గుర్తొస్తుంది. ఆ ఊరి దరువును ఒక నీగాటా కుర్రాడు పట్టుకుంటే, దాని మీద ఒక ఒసాకా కుర్రాడు ర్యాప్ చేస్తే, అది జపాన్‌లో ఆ ఏడాది నంబర్ వన్ పాటయింది.

ఇది చదివి "అంత సంగీత జ్ఞానం మాకెక్కడిది?" అనుకోకండి. కిక్, బీటు అన్న మాటలు తెలియనక్కర్లేదు. "నాలుగో లెక్క దగ్గర ఏదో తేడాగా ఉంది, అక్కడే బాగుంది" అని రాసినా పూర్తి మార్కులు పడతాయి. చోటు చూపించడం ముఖ్యం, దాని పేరు తర్వాత తెలుసుకోవచ్చు.

జపాన్ పాటల విషయంలో ఒక చిన్న సంగతి తెలిస్తే చాలా పని తేలికవుతుంది. మన సినిమా పాట మామూలుగా పల్లవితో మొదలవుతుంది, చరణానికి వెళ్లి మళ్లీ పల్లవికొస్తుంది. చేతిలో పెట్టాల్సింది ముందే పెట్టేస్తుంది. జపాన్ పాట ఎక్కువగా మనల్ని వెయిట్ చేయిస్తుంది. అక్కడి సంగీతకారులు పాటను ఎ-మెలో, బి-మెలో, సాబి అని మూడు భాగాలుగా చెప్పుకుంటారు. ఎ-మెలోలో సంగతి మొదలవుతుంది. బి-మెలోలో తాళమో స్వరాల దారో మారి, ఏదో రాబోతోందని తెలుస్తుంది. సాబిలో గొంతు, వాయిద్యాలు అన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. మన పల్లవికి దగ్గరగా ఉండేది ఈ సాబి. పది సెకన్లు విని "ఏముంది ఇందులో" అని పక్క పాటకు జరిపేసేవాళ్లకు సాబి ఎప్పటికీ వినబడదు. యానిమే టైటిల్ సాంగ్‌కు టీవీలో దక్కేది దాదాపు నిమిషంన్నర. ఈ మూడు భాగాలూ అందులోనే ఇమడాలి కాబట్టి అక్కడి పాటల్లో ఒక్క సెకను కూడా ఖాళీగా ఉండదు. మొదటిసారి వినేవాళ్లకు ఊపిరాడనట్టు ఉండేది అందుకే.

మిసెస్ గ్రీన్ యాపిల్ అనే బ్యాండ్ ఏప్రిల్‌లో విడుదల చేసిన 'లైలాక్' అలాంటిదే. బేస్‌బాల్ ఆడే కుర్రాళ్ల యానిమే కోసం చేసిన పాట. నాకు నచ్చిన చోటు మొదట్లోనే పరుగెత్తే గిటార్. అంత వేగంలోనూ ఒక్కో స్వరం విడివిడిగా, కడిగిన ముత్యంలా వినబడుతుంది. ఆ ఏడాది జపాన్ రికార్డ్ అవార్డు దీనికే వచ్చింది, ఆ బ్యాండ్‌కు వరసగా రెండోసారి. 2020లో పని ఆపేసి, ఐదుగురిలో ఇద్దరు వెళ్లిపోయాక, 2022లో ముగ్గురితో మళ్లీ మొదలైన బ్యాండ్ అది.

అదే బ్యాండ్ జూన్‌లో 'కొలంబస్' అనే పాట కూడా వదిలింది. వీడియోలో కొలంబస్, నెపోలియన్, బీథోవెన్ వేషాల్లో వీళ్లు ఒక దీవికి వెళ్లి, అక్కడున్న కోతుల్లాంటి జీవులకు నాగరికత నేర్పుతున్నట్టు చూపించారు. జనం మండిపడ్డారు. మర్నాడే వీడియో తీసేసి క్షమాపణ చెప్పారు. వలస పాలన రుచి తెలిసిన దేశంలో పుట్టినవాళ్లం కాబట్టి ఆ వీడియో సంగతి వింటే మనకు ఇంకాస్త ఎక్కువే మండుతుంది. మరి 'లైలాక్'ను జాబితాలోంచి తీసేయాలా? నేను తీయలేదు. 'కొలంబస్'ను పక్కన పెట్టాను, 'లైలాక్'ను ఉంచాను, రెండింటి కారణాలూ పక్కపక్కనే రాసుకున్నాను. అభిమానం అంటే అభిమానించినవాళ్లు చేసిందంతా నెత్తిన పెట్టుకోవడమే అని మన దగ్గర చాలామంది అనుకుంటారు. అభిమాన సంఘానికి అది అవసరమేమో. వినేవాడికి కాదు.

ఇక ఈ పుస్తకం చదివే ఉద్యోగస్తులందరూ వినాల్సిన పాట ఒకటుంది. కొచ్చి నో కెంటో అనే గాయకుడి 'హాయ్ యొరొకొందే'. మే నెలాఖరులో వచ్చింది. చెవికి పరమ సరదాగా ఉంటుంది. వీడియో పాతకాలపు టీవీ కార్టూన్ బొమ్మల్లా గీశారు. స్టెప్పులు తేలిక కాబట్టి స్కూలు పిల్లలు కూడా చేసేశారు. మొదటిసారి విన్నప్పుడు నా నోట్‌బుక్‌లో రాసుకున్నది కూడా "పెళ్లి బరాత్‌లో వేయొచ్చు" అనే.

తర్వాత అర్థం చూస్తూ విన్నాను. ఎంత పని నెత్తిన పడినా నవ్వుతూ "అలాగేనండీ" అనే మనిషి గురించిన పాట అది. లోపల కుప్పకూలిపోతున్నా బయటికి డాన్స్ చేస్తున్న మనిషి. సాబిలో నోటితో టకటకలాడించే ఒక దరువు ఉంది. మూడు పొట్టివి, మూడు పొడుగువి, మళ్లీ మూడు పొట్టివి. ఓడ మునిగిపోతున్నప్పుడు మోర్స్ కోడ్‌లో పంపే ఎస్ఓఎస్ అది. తెలియనివాడికి దరువు, తెలిసినవాడికి ఆర్తనాదం. నాకు ఆ ఏడాది మొత్తంలో దొరికిన బెస్ట్ చిరునామా అదే. ఉద్యోగం చేసే రోజుల్లో తన మానసిక ఆరోగ్యం దెబ్బతిన్న సంగతి ఈ గాయకుడు స్వయంగా బయటికి చెప్పాడు. ఏడాది చివర జపాన్ రికార్డ్ అవార్డుల్లో ఉత్తమ నూతన కళాకారుడి బహుమతి అతనికే వచ్చింది. మన ఐటీ ఆఫీసుల్లో రాత్రి పదకొండుకు క్లయింట్ కాల్‌లో "ష్యూర్, నో ప్రాబ్లమ్" అనేవాళ్లు ఈ పాటను లూప్‌లో పెట్టుకుని, ఆ ఎస్ఓఎస్ దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

ఒక్కో పాటను మూడుసార్లు, మూడు రకాలుగా వినమని నేను చెప్పేది ఇందుకే. మొదటిసారి వీడియో చూడకుండా, అర్థం వెతక్కుండా వినండి. వీలైతే కళ్లు మూసుకోండి. రెండోసారి అర్థం చూస్తూ వినండి. యూట్యూబ్‌లో చాలామంది జపాన్ గాయకులు తామే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెడతారు, వాటితో పని జరిగిపోతుంది. మూడోసారి వినడానికి ఒక నెలైనా గ్యాప్ ఇవ్వండి. విన్న ప్రతిసారీ ఒక ముక్క రాయండి. పాతది చెరిపేయకండి. నా నోట్‌బుక్‌లో "పెళ్లి బరాత్" ఇంకా అలాగే ఉంది. అభిప్రాయం మారడం తప్పేమీ కాదు, కానీ ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో రాసిపెట్టుకోకపోతే, మొదట్నుంచీ మనకు అన్నీ తెలుసనే భ్రమలో ఉంటాం.

కెన్షి యొనెజు 'సయోనరా మతా ఇత్సుకా' గురించి ఎక్కువ చెప్పను. ఎన్‌హెచ్‌కే టీవీలో పొద్దున్నే పావుగంట చొప్పున వచ్చిన సీరియల్‌కు టైటిల్ సాంగ్ అది. జపాన్ తొలి మహిళా లాయర్లలో ఒకరైన యోషికో మిబుచి జీవితం ఆధారంగా తీసిన కథ. కోపాన్ని ఇంత మర్యాదగా పాడొచ్చని ఈ పాట విన్నాకే తెలిసింది.

ఐదోది ఫుజీ కజే పాడిన 'మిచితెయుకు', మార్చిలో వచ్చింది. ఈయన ఒకాయామా జిల్లాలో సతోషో అనే చిన్న ఊళ్లో పుట్టి, చిన్నప్పటి నుంచీ పియానో వాయిస్తూ యూట్యూబ్‌లో వీడియోలు పెట్టుకుంటూ పైకొచ్చాడు. 2020లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమ్ పేరు 'హెల్ప్ ఎవర్ హర్ట్ నెవర్', 2022లో వచ్చిన రెండోదాని పేరు 'లవ్ ఆల్ సర్వ్ ఆల్'. పుట్టపర్తి వెళ్లొచ్చినవాళ్లకు ఈ రెండు వాక్యాలూ ఎక్కడ చదివారో చెప్పనక్కర్లేదు. రెండూ సత్యసాయిబాబా బోధనలు. 2025లో వచ్చిన మూడో ఆల్బమ్ పేరు 'ప్రేమ'. అనంతపురం వైపు గోడల మీద కనబడే మాటలు టోక్యో రికార్డు షాపుల్లో అట్టల మీద కనబడుతున్నాయంటే మనకు కాస్త గమ్మత్తుగానే ఉంటుంది.

సరిగ్గా ఇక్కడే జాగ్రత్త పడాలి. "మన పుట్టపర్తి" అనగానే తెలుగువాడికి పాట పది మార్కులు ఎక్కువ నచ్చేస్తుంది. ఆ మార్కులు పాటవి కావు. అందుకే ఈ పాటకు చోటు చూపించమని నన్ను నేను గట్టిగానే నిలదీసుకున్నాను. దొరికింది. మొదట్లో పియానో, గొంతు రెండే ఉంటాయి. ఆయన దాదాపు మాట్లాడుతున్నట్టే పాడతాడు. సాబి రాగానే వాల్యూమ్ పెరుగుతుందని మన చెవి ఎదురుచూస్తుంది. ఆయన గొంతు పెంచకుండా, స్వరాన్ని మాత్రం పైకి జరుపుతాడు. ఎత్తుకు వెళ్లినా అరవడు. పుట్టపర్తి సంగతి తెలియని రోజు విన్నా నాకు అక్కడే నచ్చేది.

అమెరికా వైపు వద్దాం. ఫిబ్రవరి 11న, సూపర్ బౌల్ ఆట జరుగుతున్న రాత్రి, బియాన్సే 'టెక్సస్ హోల్డెమ్' విడుదల చేసింది. నా చిరునామా మొట్టమొదటి బాంజో మీటులు. వాయించింది రియానన్ గిడెన్స్. బాంజో ఈవేళ తెల్లవాళ్ల కంట్రీ సంగీతానికి గుర్తుగా చలామణీ అవుతోంది గానీ, దాని పుట్టుక ఆఫ్రికాలో. బానిసలుగా పట్టుకెళ్లిన మనుషులతో పాటు అమెరికా చేరిన వాయిద్యం. ఆ చరిత్రను తవ్వి తీసి జనానికి చెప్పడమే జీవితంలో సగం పనిగా పెట్టుకున్న మనిషి రియానన్. ఆమె చేతుల్లోంచి ఆ వాయిద్యం మోగిందంటే, బియాన్సే నోరు తెరవకముందే ఒక వాదన నడిచిపోయినట్టే. బిల్‌బోర్డ్ కంట్రీ పాటల చార్టులో నంబర్ వన్‌కు వచ్చిన మొదటి నల్లజాతి మహిళ బియాన్సేనే, ఈ పాటతోనే. ఇదంతా తెలియకుండా విన్నా పాట బాగుంటుంది. తెలిసి వింటే ఆ మీటుల బరువు వేరు.

ఆ చార్టులో ఆమెను దించింది షబూజీ. వర్జీనియాలో పెరిగిన కుర్రాడు, తల్లిదండ్రులది నైజీరియా. అతని 'ఎ బార్ సాంగ్' తర్వాత అమెరికా మెయిన్ చార్టులో కూడా ఎక్కి 19 వారాలు నంబర్ వన్‌గా నిలిచి, 'ఓల్డ్ టౌన్ రోడ్' రికార్డును సమం చేసింది. నా జాబితాలో లేదు. ఎక్కడ నచ్చిందని నన్ను నేను అడిగితే దొరికిన చోటు 2004లో జె-క్వాన్ అనే ర్యాపర్ పాడిన పాటలోంచి తెచ్చుకున్న హుక్. నాకు నచ్చింది పాత పాట అన్నమాట. ఇలాంటి సంగతులు "ఎక్కడ" అన్న ప్రశ్న వేస్తేనే బయటపడతాయి.

ఇదే పరీక్షలో సబ్రీనా కార్పెంటర్ 'ఎస్ప్రెస్సో' మాత్రం నెగ్గింది, అదీ విచిత్రంగా. అందులో గిటార్ ముక్కలు స్ప్లైస్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలోవి. నెలకు ఇంత అని కడితే ఎవరైనా దింపుకుని వాడుకోవచ్చు. ట్యూన్‌లో సగం సరుకు అంగట్లో దొరికేదే. కానీ వాక్యం చివరికొచ్చేసరికి ఆమె మాటను నవ్వు ఆపుకుంటున్నట్టు వదిలేస్తుంది చూడండి, అది ఏ లైబ్రరీలోనూ దొరకదు. నేను రాసుకున్నది ఆ వదిలేయడం గురించే. స్పాటిఫైలో ప్రపంచమంతటా ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువసార్లు మోగింది ఈ పాటే. ఒక్కోసారి జనం రుచీ మన రుచీ కలుస్తాయి. అలా కలిసినప్పుడు సిగ్గుపడి, తెలివిగా కనిపించడం కోసం ఎవరూ వినని పాట ఒకటి వెతికి పెట్టుకోవడం కూడా అబద్ధమే.

నాకు అమెరికా వైపు అన్నిటికంటే దగ్గరైంది చాపెల్ రోన్ పాడిన 'గుడ్ లక్, బేబ్!' ఏప్రిల్ మొదటి వారంలో వచ్చింది. తన మనసులో ఉన్నదాన్ని ఒప్పుకోలేక పారిపోతున్న ప్రేయసితో మాట్లాడే పాట. కోరస్‌లో గొంతు ఒక్కసారిగా దొంగ గొంతులోకి, అంటే మన సంగీతం మాస్టార్లు కోప్పడే ఆ పైగొంతులోకి, ఎగురుతుంది. చాలామందికి నచ్చేది అక్కడే. నాది చిట్టచివర. పాట అయిపోతోందనగా, టేప్ రికార్డర్‌లో బ్యాటరీలు అయిపోతున్నప్పుడు జరిగినట్టు, గొంతూ వాయిద్యాలూ అన్నీ కలిసి సాగిపోయి, బరువెక్కి, కిందికి కుంగుతాయి. నలభై దాటినవాళ్లకు ఆ చప్పుడు గుర్తుండే ఉంటుంది. అప్పటిదాకా ఎంతో ధీమాగా ఎదుటి మనిషికి గుడ్ లక్ చెప్పిన గొంతు అలా కుంగిపోతుంటే, ఆ ధీమా ఎంత నిజమో మనకు అర్థమవుతుంది. మాటల్లో చెప్పని సంగతి శబ్దంలో చెప్పారు.

ఈవిడది మిస్సోరీలో విల్లర్డ్ అనే చిన్న ఊరు. 2020లో రికార్డు కంపెనీ కాంట్రాక్టు తెంచేస్తే ఇంటికి తిరిగెళ్లి చిన్నాచితకా ఉద్యోగాలు చేసుకుంది. 2025 ఫిబ్రవరిలో గ్రామీ ఉత్తమ నూతన కళాకారిణి బహుమతి అందుకుంటూ, కంపెనీలు గాయకులకు బతకడానికి సరిపడా జీతం, ఆరోగ్య బీమా ఇవ్వాలని స్టేజీ మీదే అడిగింది. ఈ కథ స్ఫూర్తిదాయకంగా ఉంటుంది కాబట్టి ఇలాంటి పుస్తకాలు రాసే మాలాంటివాళ్లం ఎగబడి వాడుకుంటాం. కానీ కథ వల్ల పాట మంచిదవదు. అందుకే ముందు పాట గురించి చెప్పి, కథ తర్వాత చెప్పాను.

బిల్లీ ఐలిష్ 'బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్' నాలుగోది. అన్న ఫినియస్‌తో కలిసి చేసింది. గుసగుసగా పాడుతుందని పేరుపడ్డ అమ్మాయి చివర్లో గొంతు మొత్తం విప్పుతుంది. అంతే, అక్కడే.

ఐదోది ఎటువైపు వేయాలో తెలియని పాట. మేగన్ దీ స్టాలియన్‌ది హ్యూస్టన్. జూన్‌లో వచ్చిన ఆమె ఆల్బమ్‌లో 'మముషి' అనే పాట ఉంది, అందులో యూకీ చిబా జపనీస్‌లో ర్యాప్ చేస్తాడు. ఇతను ఇంతకుముందు కో అనే పేరుతో పెద్ద ర్యాపర్, 2021 చివర్లో మానేశాడు, 2024లో కొత్త పేరుతో తిరిగొచ్చాడు. నా చోటు అతను మొదట నోరు తెరిచే క్షణం. మేగన్ నిప్పులు చెరుగుతుంటే ఇతను ఇప్పుడే నిద్రలేచినట్టు పాడతాడు. ఆల్బమ్ అమెరికాది కాబట్టి అమెరికా ఖాతాలో వేశాను.

మరి కెండ్రిక్ లమార్ 'నాట్ లైక్ అస్' ఏదీ అంటారు. మే 4న వచ్చింది, ఏడాదంతా దాని గురించే మాట్లాడుకున్నారు, మరుసటి ఫిబ్రవరిలో ఐదు గ్రామీలు గెలిచింది. గొప్ప పాటే. విన్న ప్రతిసారీ మెచ్చుకున్నాను, నాకై నేను వెతికి పెట్టుకున్నది మాత్రం లేదు. ఒక మనిషిని పదిమందిలో నిలబెట్టి చీల్చి చెండాడే పాట అది, ఇంట్లో ఒంటరిగా కూర్చుని వినడానికి నాకు మనసు రాలేదు. మెచ్చుకోవడం వేరు, ఇష్టపడటం వేరు. నోట్‌బుక్‌లో ఈ రెండింటికీ రెండు గడులు గీసుకోండి. మీ ఉద్యోగం, మీ స్నేహితులు, మీరు కొనాలనుకుంటున్న ఫ్లాట్, అన్నిటికీ ఏదో ఒక రోజు ఆ రెండు గడులూ పనికొస్తాయి.

పది అని ఎందుకు పట్టుబట్టానో ఇప్పుడు తెలిసి ఉంటుంది. ఇరవై అయితే అందరినీ సంతోషపెట్టొచ్చు. పది అన్నప్పుడు పదకొండోదాన్ని కొట్టేయాలి, కొట్టేసేటప్పుడే మన రుచి ఏమిటో మనకు తెలుస్తుంది. ఒక్కో గాయకుడికి ఒక్క పాటే. నంబర్లు వేయడం మీ ఇష్టం, నేను వేయను. ఎనిమిదోది తొమ్మిదో స్థానంలో ఉంటే కొంపలేమీ మునగవు.

డిసెంబరు దాకా ఆగి ఒక్కసారే రాద్దామనుకోవద్దు. జనవరి పాట అప్పటికి చల్లారిపోయి ఉంటుంది, నవంబరు పాట అన్యాయంగా గెలుస్తుంది. నెలకోసారి రాసుకోండి. డిసెంబరు మొదట్లో యాప్‌లు మీ ఏడాది లెక్కలంటూ రంగురంగుల కార్డులు పంపిస్తాయి. అవి మీరు ఎన్నిసార్లు నొక్కారో చెబుతాయి. జిమ్‌లో వెనకాల మోగింది, నిద్రపట్టడానికి పెట్టుకున్నది, మీ పాప కారులో మళ్లీ మళ్లీ పెట్టమన్నది, అన్నీ ఆ లెక్కలో కలిసిపోతాయి. ఆ కార్డును స్టేటస్‌లో పెట్టుకోండి, సరదాయే. మీ నోట్‌బుక్‌తో మాత్రం ఒకసారి పోల్చి చూసుకోండి.

ఈ ప్రశ్నను ఎదుటివాళ్లకు కూడా వాడండి. మీ అమ్మాయి "నాన్నా, ఇది విను" అని ఒక ఇయర్‌బడ్ మీ చెవిలో పెట్టినప్పుడు "ఈ గోలేంటమ్మా" అనేయకండి. "ఇందులో ఏముంది నచ్చడానికి?" అని కూడా అడగకండి, సంజాయిషీ అడిగినట్టుంటుంది. "ఎక్కడ బాగుంటుందో చెప్పు తల్లీ, అక్కడ జాగ్రత్తగా వింటాను" అనండి. ఆ చోటు రాగానే తను మీ ముఖంలోకి చూస్తుంది. మీకు నచ్చకపోయినా ఫర్వాలేదు, నచ్చలేదని చెప్పండి. ఎక్కడ నచ్చలేదో కూడా చెప్పండి.

ఈ అధ్యాయం ముగించగానే రెండు పాటలు వినండి. జపాన్‌ది 'హాయ్ యొరొకొందే', అమెరికాది 'గుడ్ లక్, బేబ్!'. వీడియో చూడొద్దు, ఫోన్ బోర్లా పెట్టేయండి. తర్వాత ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాయండి. ఎస్ఓఎస్ గురించి, సాగిపోయే టేపు గురించి నేను ముందే చెప్పేశాను కాబట్టి ఆ రెండు చోట్లూ మీకు చెల్లవు. మీవి వేరే వెతుక్కోండి.